కాయకూడని పాలు

పాలక్క కాపురం మధ్యలో ఒక తలుపుంది, ఆ తలుపుకో అద్దం ఉంది. అద్దానికి అవతల మొగుడు, ఇవతల పెళ్ళాం. ఇదెక్కడి కాపురం తల్లీ అని ఎవరైనా అడిగితే పాలక్కకి ఒళ్ళు మండుతుంది. అడగనివాళ్ళు ఆ వీధిలో లేరు కాబట్టి ఆమెకి ఒళ్ళు మండని రోజంటూ లేదు.

మొగుడు అద్దాలు బిగించే పనివాడు. ఎవరింట్లో కిటికీ పగిలినా, ఏ దుకాణానికి కొత్త గాజు తలుపు కావాలన్నా అద్దాలాయనకే కబురు వెళ్ళేది. మంచి మాటకారి. ఆయన నిచ్చెనెక్కి పని మొదలుపెడితే కింద నిలబడ్డవాళ్ళకి నవ్వి నవ్వి పొట్టలు చెక్కలయ్యేవి. అలాంటి మనిషికి రెండు కిడ్నీలూ ఒకదాని వెనక ఒకటి చేతులెత్తేశాయి. నాది తీసుకోండి అని పాలక్క ఆసుపత్రిలో చెయ్యి చాపి రక్తం ఇచ్చింది. సరిపడదన్నారు. పాలూ నీళ్ళలా కలిసిపోయిన మొగుడూ పెళ్ళాలం, ఒక్క కిడ్నీ దగ్గర పొత్తు కుదరకపోవడమేమిటని ఆ పరీక్షలు చేసినతనితో దెబ్బలాడింది కూడా. పాపం అతనేం చేస్తాడు?

అత్తగారిది సరిపోయింది. అరవై దాటినా గుండ్రాయిలా ఉండే మనిషి. "వంటింట్లోంచి పెరట్లోకి తిరగడానికి నాకు ఒకటి చాలదూ?" అంటూ వెళ్ళి ఇచ్చేసి వచ్చింది. అప్పట్నుంచీ కొడుకు మాటెత్తితే చాలు, ఆవిడ గొంతు ఒక మెట్టు పైకే వెళుతుంది. "వాడి ఒంట్లో నా సామాను ఉందమ్మాయ్, నాకు తెలీదా!" అంటుంది. దానికి ఏ కోడలు మాత్రం ఏమని జవాబు చెబుతుంది?

మార్చిన కిడ్నీని ఒళ్ళు నువ్వెవరని తరిమెయ్యకుండా రోజూ మందులు మింగాలి. ఆ మందులు ఒంట్లోని కాపలావాళ్ళని జోకొడతాయి. కాపలా నిద్రపోతే ఇంక దొంగలదే రాజ్యం. పోయిన చలికాలం ఒక మామూలు జలుబు వైరస్, మనకైతే నాలుగు తుమ్ములతో పోయేది, ఆయన్ని ఊపిరి మిషను దాకా లాక్కెళ్ళింది. ఆ జలుబుని ఇంట్లోకి తెచ్చింది పాలక్కే. కిక్కిరిసిన బస్సులో అంటించుకుని, ఆ ఏముందిలే అనుకుని, వచ్చి ఆయన పక్కన పడుకుంది. ఈ సంగతి ఆయనకి తెలుసు, అత్తగారికీ తెలుసు. ఇద్దరిలో ఒక్కరూ పైకి అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని పాలక్క చాలాసార్లు అనుకుంది.

ఈ చలికాలం మొదలవుతూనే ఆసుపత్రి డాక్టరు తెగేసి చెప్పాడు. బయట నలుగురిలో తిరిగే మనిషి ఎవరైనా సరే, చలి తగ్గేదాకా ఆయన గదిలోకి అడుగుపెట్టకూడదు. బయట తిరిగేది ఎవరు? పాలక్కే. ఆమె డెయిరీకి వెళ్ళకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. గుమ్మం దాటని అత్తగారు కొడుకుతోపాటు ఇంటి వెనక భాగంలో ఉండిపోయింది. వంటిల్లు, పెరడు, ఆయన గది వాళ్ళవి. ముందు గది పాలక్కది. మధ్యలో తలుపు.

ఆ తలుపుకి అంతకు ముందు మసక అద్దం ఉండేది. డాక్టరు మాట విన్నరోజునే అద్దాలాయన ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాత అద్దం ఊడదీసి, ఎక్కడో దాచుకున్న తేటగాజు పలక తెచ్చి బిగించాడు. వేలితో అంచంతా తడిమి చూసుకున్నాడు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఇప్పటిదాకా ఆయన చేసిన ఆఖరి పని అదే.

సాయంత్రం డెయిరీనుంచి రాగానే పాలక్క స్నానం చేసి, అద్దం ముందు స్టూలు వేసుకుంటుంది. అవతల ఆయన మంచం అంచున కూర్చుంటాడు. ఫోనుంది కదా అంటారు. ఫోనులో గొంతు చెవిలో వినిపిస్తుంది, మనిషేమో ఎదురుగా పెదవులు కదుపుతుంటాడు, రెండూ కలవక ఇద్దరికీ విసుగు. అందుకని అరుచుకుంటారు. మొగుడూ పెళ్ళాల గుట్టంతా పక్కింటి గోడ వింటుంది.

"ఏమోయ్, అద్దం తుడువు. నీ ముక్కు అచ్చు పడింది," అంటాడాయన.

"మీ ముక్కు అచ్చు పడలేదనా? అవతలివైపు చూసుకోండి!"

పాలక్కకి పెద్ద కోరికలేమీ లేవు. ఆయన జుట్టు పెరిగి మెడ వెనక కాలరు మీదికి దిగుతోంది. ఎప్పుడూ తనే కత్తిరించేది. ఇప్పుడు అత్తగారు చూపు సరిగా ఆనక, ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా కత్తిరిస్తోంది. అది చూసినప్పుడల్లా పాలక్క చేతులు ఒళ్ళో ఊరికే ఉండవు. ఆయన వేళ్ళమీద పాత గాజుకోతల గీతలుంటాయి. నిద్రలో మెలకువ వచ్చినప్పుడు ఆమె ఆ గీతల్ని తడుముకుని మళ్ళీ నిద్రపోయేది. ఇప్పుడు మెలకువ వస్తే దుప్పటి తడుముకుంటోంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ తలుపు తీసుకుని వెళ్ళి ఆయన మెడమీద చెయ్యి వెయ్యాలి. అంతే. ప్రపంచంలో ఇంకేమీ వద్దు.

ఇక డెయిరీ సంగతి. అందరూ తాగే పాలు తీసే డెయిరీ కాదది. పక్కనే ఒక పరిశోధనశాల ఉంది, దానికోసమే ఈ ఆవులు. కొన్నిటి కాళ్ళకి ఎర్ర పట్టీ ఉంటుంది. ఆ ఆవుల పాలు పెద్ద తొట్టిలో కలపకుండా విడివిడి డబ్బాల్లో పట్టి, చల్లార్చి, పరిశోధనశాలకి పంపాలి. పొద్దున్నా సాయంత్రమూ పితికే పని పాలక్క చేతిమీదుగానే నడుస్తుంది. పొదుగు కడిగి, తుడిచి, మొదటి నాలుగు ధారలూ నల్లటి గిన్నెలో పిండి, గడ్డలూ తరకలూ ఏమైనా ఉన్నాయేమో చూసి, అప్పుడు మిషను గొట్టాలు తగిలిస్తుంది. తగిలించేటప్పుడు ప్రతి ఆవుతోనూ ఏదో ఒకటి మాట్లాడుతుంది. ఎర్ర పట్టీ ఉన్న మహారాణి అనే ఆవుతో మాత్రం దెబ్బలాడుతుంది. మిగతా ఆవులన్నీ లోపలికి వెళ్ళేదాకా అది అడుగు వెయ్యదు. ఆలస్యంగా వచ్చినా తనకే మర్యాద జరగాలంటుంది.

పరిశోధనశాలలో పెద్దావిడ ఒకామె ఉంది, అందరూ డాక్టరమ్మ అంటారు. ఎర్ర పట్టీ ఎందుకని పాలక్క ఒకసారి అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"వైరస్‌లో హాని చెయ్యని ముక్క ఒకటి తీసి ఆవుకి టీకా వేస్తాం. దానికి జబ్బేమీ రాదు. కానీ శత్రువొచ్చాడనుకుని దాని ఒళ్ళు సైన్యాన్ని తయారుచేసుకుంటుంది. వాటినే యాంటీబాడీలు అంటాం. అవి రక్తంలోంచి పాలల్లోకి దిగుతాయి. నిజానికి దూడ కోసం దిగుతాయనుకో, మనం మధ్యలో కాస్త అడుక్కుంటున్నాం. వాటిని తీసి మనిషి ముక్కులోనో గొంతులోనో చుక్కలుగా వేస్తే, వైరస్ వచ్చి అతుక్కోకుండా కొన్ని గంటలు అడ్డుపడతాయేమోనని చూస్తున్నాం."

"అడ్డుపడతాయా అమ్మా?"

"ఏమో అన్నాను, విన్నావా? ఇంకా తేలలేదు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీదే చూస్తున్నాం."

పాలక్క చెవిలోకి మాత్రం 'అడ్డుపడతాయి' అన్నంతవరకే వెళ్ళింది. ఆ 'ఏమో' ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలీదు. ఆశ ఉన్నవాళ్ళ చెవులు అంతే.

"మరి ఆ పాలు ఇలాగే తాగేస్తే?"

"వద్దు! పచ్చిపాలల్లో ఏ క్రిమి ఉందో ఎవరికి తెలుసు? మరిగిద్దామంటే వేడికి ఆ సైన్యమంతా చస్తుంది. అందుకే ప్రతి డబ్బాలోంచీ కాస్త తీసి పరీక్షకి పెడతాం. రెండు రోజులు ఆగితే క్రిములేమైనా ఉంటే పెరిగి కనబడతాయి. శుభ్రంగా ఉన్న పాలనే సన్నటి జల్లెడల్లో వడగట్టి, వేడి ఎక్కువ తగలకుండా పొడి చేస్తాం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుందమ్మా మా పని."

ఆ తర్వాత పాలక్క ఒకరోజు ధైర్యం చేసి మొగుడి సంగతి చెప్పింది. ఆ చుక్కలు ఆయనకి ఇప్పించమంది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఇవ్వకూడదని నియమం. అది పక్కన పెట్టినా, కిడ్నీ మార్చినవాళ్ళ మీద ఇంకా చూడనేలేదు. మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలీకుండా ఎలా ఇవ్వను? కొన్నేళ్ళు పట్టొచ్చు తల్లీ."

కొన్నేళ్ళు! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? రోజూ తన చేతుల్తో పిండే పాలు ఊరందరికీ మందట, తన ఇంటికి మాత్రం కాదట. బస్సులో కిటికీవైపు తిరిగి ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం అద్దం అవతల ఆయన అడ్డదిడ్డంగా కత్తిరించిన జుట్టుతో కూర్చుని, "మీ అత్తగారు నా తలని కొండముచ్చు తల చేసింది చూడు," అని నవ్వించబోయాడు. పాలక్కకి నవ్వు రాలేదు. రేపు తీసుకొస్తాననుకుంది. ఏం తీసుకొస్తుందో మనసులో కూడా పైకి అనుకోలేదు.

మర్నాడు సాయంత్రం మిషను గొట్టాలు తీసేశాక మహారాణి పొదుగులో కాస్త మిగిలింది. పాలక్క చుట్టూ చూసింది. మంచినీళ్ళ ఫ్లాస్కుని మరిగే నీళ్ళతో కడిగి ఉంచుకుంది అప్పటికే. కింద కూర్చుని చేత్తో పిండింది. "నోర్మూసుకుని నించోవే నా తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని గొణిగింది. ఎప్పుడూ కాలు విసిరే మహారాణి ఆరోజు బుద్ధిగా నిలబడింది. అదే పాలక్కకి మంచి శకునంలా తోచింది. డాక్టరమ్మ చెప్పింది మరిచిపోయిందా అంటే మరిచిపోలేదు. పొదుగు కడిగాను, చేతులు కడిగాను, ఫ్లాస్కు కడిగాను, ఇంక ఏ క్రిమి వస్తుంది అని తనకి తానే నచ్చచెప్పుకుంది. అంత బాగా పని తెలిసిన మనిషి అంత తెలివితక్కువగా ఆలోచించిందంటే తప్పు ఆమె తెలివిది కాదు, ఆ అద్దానిది.

ఇంటి పక్కనున్న సందులోంచి పెరట్లోకి వెళ్ళి, ఫ్లాస్కు గట్టుమీద పెట్టి, దూరంగా జరిగి నిలబడింది. అత్తగారితో మాటలన్నీ అలా ఆరుబయటే.

"అత్తయ్యా, ఇవి మందుపాలు. డాక్టరమ్మ ఇచ్చింది." అబద్ధం నాలిక దాటడానికి కష్టపడలేదు. "ఇవి కాయకూడని పాలు. కాస్తే మందు పోతుంది. ఇలాగే గొంతులో కాసేపు ఉంచుకుని మింగమనండి."

అత్తగారు ఫ్లాస్కువైపు చూసింది. ఆవిడ పొయ్యిమీద పాలు మూడుసార్లు పొంగందే గిన్నె దిగదు. కొడుకుని ఆసుపత్రినుంచి ఇంటికి పంపేరోజున నర్సు చెప్పిన మాట ఆవిడకి వేదం: పచ్చిది ఏదీ నోట్లోకి పోకూడదు. నీళ్ళు కాచాలి, పాలు కాచాలి, ఆఖరికి పళ్ళెం కూడా వేణ్ణీళ్ళలో ముంచాలి.

"పచ్చిపాలా?" అంది.

"మందు అత్తయ్యా."

"ఊ."

"ఊ అంటే?"

"ఊ అంటే ఊ. వెళ్ళి స్నానం చెయ్యి."

ఆ రాత్రి భోజనాలకి ముందు అద్దాలాయన మూతి తుడుచుకుంటూ అద్దం దగ్గరికి వచ్చాడు. "తాగానోయ్ నీ మందు. మామూలు పాలలాగే ఉన్నాయి."

"మందుకి రుచేమిటి?"

"కొమ్ములు మొలుస్తున్నట్టున్నాయి, చూడు." తలమీద రెండు వేళ్ళు నిలబెట్టి అంబా అన్నాడు. పక్కింట్లోంచి ఎవరో నవ్వారు. పాలక్క కూడా నవ్వింది. ఆ చలికాలంలో అదే మొదటి నవ్వు.

తర్వాతి రోజుల్లో కూడా ఫ్లాస్కు నిండుతూనే ఉంది. పెరటి గట్టుమీద పెట్టడం, ఊ అనడం, తాగానోయ్ అనడం. అలాంటి ఒక సాయంత్రం ఆయన నవ్వించకుండా ఊరికే కూర్చున్నాడు. అద్దంమీద వేలితో గీతలు గీస్తూ, "మరి ఎప్పుడొస్తావ్?" అన్నాడు.

ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదా మాట. ఎప్పుడు వెళతావ్, ఏం తిన్నావ్, ఆవులు బాగున్నాయా, ఇవే. పాలక్క స్టూలు ముందుకి జరుపుకుంది. "రేపు," అంది. అరవాల్సిన మాట అరవకుండానే అంది. అయినా ఆయనకి వినిపించింది. "రేపు పాలు తాగిన వెంటనే. ముక్కూ మూతీ కట్టుకుని వస్తాను. కాసేపే."

"కత్తెర తెచ్చుకో. ఈ తల చూసి నేనే జడుసుకుంటున్నాను."

పాలక్క ఆ రాత్రే పాత కత్తెర వెతికి తీసింది. పొద్దున్నే దారిలో సానబట్టించి, సంచిలో గుడ్డచుట్టి పెట్టుకుంది. ఆ రోజు ఆవులన్నిటితోనూ ముద్దుగా మాట్లాడింది. మహారాణిని కూడా తిట్టలేదు. సాయంత్రం ఇంకా కాకముందే, మహారాణి పాల డబ్బాని ఎవరో తీసుకొచ్చి కడిగే కాలవలో బోర్లించడం చూసింది. నురగలు కక్కుతూ పాలన్నీ పోతున్నాయి.

"అయ్యయ్యో, అదేంటి? ఎందుకు పారబోస్తున్నారు?"

డాక్టరమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "పరీక్షలో క్రిమి కనబడింది. ఇవాళ తేలింది. ఈ రెండు మూడు రోజులవీ పారబోయాల్సిందే. పైకి ఏ గుర్తూ ఉండదు, నీ తప్పేం లేదు."

"చాలా... చెడ్డదా?"

"నీకూ నాకూ అయితే కడుపునొప్పో, రెండు రోజులు జ్వరమో. ఒంట్లో శక్తి లేనివాళ్ళకైతే ప్రాణం మీదికొస్తుంది. కాస్తే చచ్చిపోయే క్రిమే అనుకో. మనం కాయకూడదు కదా, అదీ మన ఖర్మ." అని, డాక్టరమ్మ పాలక్క మొహం చూసింది. "ఏమైంది? అలా తెల్లబోయావేం? ఏమ్మా!"

పాలక్క సంచి అందుకుంది. వెళ్ళాలి అంది, ఇంటికి అంది, ఇంకేమందో ఆమెకే తెలీదు. రబ్బరు బూట్లతోనే గేటు దాటింది. బస్సు కోసం నిలబడలేక నడిచింది, నడవలేక పరుగెత్తింది. వెనకనుంచి బస్సు వచ్చి ఆమెని దాటుకుని వెళ్ళిపోయింది. పోయినసారి జలుబు తెచ్చి ఇచ్చాను, ఈసారి విషం తెచ్చి ఇచ్చాను. ఆ మాటే అడుగడుక్కీ. వాళ్ళ అమ్మ తన ఒంట్లో భాగం కోసి ఇచ్చి బతికించుకున్న కొడుకుని, ఒక్కసారి మెడమీద చెయ్యి వేద్దామన్న ఆబతో నేను చంపుకుంటున్నాను. సంచిలో కత్తెర గుడ్డలోంచి జారి డొక్కలో గుచ్చుకుంటున్నా తీసి సర్దుకోలేదు.

ముందు గదిలోకి వెళ్ళి అద్దంలోంచి చూసింది. ఆయన స్నానం చేసి, మంచి చొక్కా తొడుక్కుని, తడి జుట్టు వెనక్కి దువ్వుకుని, కుర్చీని వెలుతురు పడేచోట వేసుకుని కూర్చున్నాడు. భుజాల చుట్టూ పాత తువ్వాలు కప్పుకుని సిద్ధంగా ఉన్నాడు, వెంట్రుకలు పడకుండా. పెళ్ళాన్ని చూడగానే మొహం విప్పారింది.

"అప్పుడే వచ్చేశావా! పాలు ఇంకా తేలేదుగా!"

"జ్వరం ఉందా మీకు?" అరిచింది. "కడుపునొప్పి? వాంతులు? చెప్పండి!"

"నాకా? నాకేం, గుండ్రాయిలా ఉన్నాను, మా అమ్మ పోలిక. ఏమోయ్, ఏమైంది?"

అప్పటికే ఆమె పక్కసందులో ఉంది. పెరట్లోకి అడుగుపెడుతూనే, "అత్తయ్యా! ఆ పాలు! ఆ పాలల్లో క్రిమి ఉందట! ప్రాణం తీసే క్రిమట! నేనే దొంగతనంగా తెచ్చాను, డాక్టరమ్మ ఇవ్వలేదు, నేనే..." అని కూలబడిపోయింది.

అత్తగారు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ మొహంలో రంగులు మారాయి. ఆఖరికి, తప్పుచేసిన చిన్నపిల్లలా గరిటె వెనక్కి దాచుకుంటూ, "నన్ను తిట్టకమ్మాయ్," అంది. "కాచాను."

"ఏమిటీ?"

"కాచాను. మొదటిరోజునుంచీ కాచాను. మూడు పొంగులూ రానిచ్చే కాచాను. చల్లార్చి, పచ్చిపాలలాగే ఉండేట్టు ఇచ్చాను. వాడికీ చెప్పలేదు." ఆవిడ గొంతు మొదటిసారి మెట్టు దిగింది. "నువ్వంత ఆశగా తెస్తున్నావు. మందు పోతుందన్నావు. నాకు తెలుసు నీ మందంతా పొయ్యిమీద పోతోందని. అయినా చెయ్యి రాలేదే. పచ్చిపాలు వాడి నోటికి పట్టించడానికి నాకు చెయ్యి రాలేదు. ఇవాళ నువ్వు లోపలికొస్తానన్నావట. వచ్చేలోపు చెప్పేసి, తలుపుకి అడ్డంగా నిలబడదామనుకున్నాను. పొద్దుట్నుంచీ అదే గుండెల్లో గుదిబండ."

పాలక్క విన్నదంతా నమ్మడానికి కాస్తసేపు పట్టింది. నమ్మాక నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించే కోడళ్ళుంటారు, ఈమెకి ఆ పాలగిన్నెని కళ్ళకద్దుకోవాలనిపించింది. లేచి ఒక్క అంగలో వెళ్ళి అత్తగార్ని వాటేసుకోబోయి, గట్టు దగ్గరే ఆగిపోయింది. అత్తగారు కూడా అవతలి మనిషే. ఆవిణ్ణి ముట్టుకుంటే ఆయన్ని ముట్టుకున్నట్టే. ఇద్దరాడవాళ్ళూ మధ్యలో గట్టు పెట్టుకుని చెరోవైపూ నిలబడి ఏడ్చారు.

"దొంగముండా," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుని. "దొంగతనం చేశావా?"

"చేశాను అత్తయ్యా. రేపు డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడి చెప్పేస్తాను. పనిలో ఉంచితే ఉంచుతుంది."

"చెప్పు. నేను కాచానని కూడా చెప్పు." అని లోపలికి తిరుగుతూ, "వాడికి కూడా నువ్వే చెప్పు. నావల్ల కాదు," అంది.

అది పాలక్కవల్ల మాత్రం అయ్యేపనా? ప్రాణం పోలేదన్న సంతోషం సందు దాటేదాకానే ఉంది. ముందు గదిలోకి వచ్చేసరికి అద్దం అలాగే ఉంది, తలుపు అలాగే ఉంది. ఆయన కుర్చీలోంచి లేచి, తువ్వాలు భుజాలమీద ఉండగానే, గాజుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పెరట్లో ఏడుపులు విన్నట్టున్నాడు. పాలక్క స్టూలుమీద కూర్చుని, జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. రెండోసారి మిమ్మల్ని చంపబోయాను అని కూడా చెప్పింది. జలుబు సంగతి మొట్టమొదటిసారి ఆ ఇంట్లో పైకి వచ్చింది.

ఆయన వింటూ తలవంచుకున్నాడు. అడ్డదిడ్డపు జుట్టు కళ్ళమీద పడింది.

"అంటే ఇవాళ రావన్నమాట," అన్నాడు.

"రాను."

"చలి పోయేదాకా."

"పోయేదాకా. మీ డాక్టరు సరేననేదాకా."

ఆయన తువ్వాలు తీసి మడతపెట్టాడు. మడత మీద మడత, అరచేయంత అయ్యేదాకా. ఇప్పుడైనా ఏదో ఒక వెటకారం చేస్తాడని పాలక్క ఎదురుచూసింది. చెయ్యలేదు. "జలుబు నువ్వు తెచ్చావని నేనెప్పుడూ అనుకోలేదు," అన్నాడు. "నువ్వు పక్కనున్నావనే అనుకున్నాను. ఆసుపత్రిలో కూడా అదే అనుకున్నాను. ఆ రాత్రి పక్కనుంది కదా, చాలు అని."

పాలక్క నుదురు గాజుకి ఆనించింది. చల్లగా, మంచుముద్దలా ఉంది. ఆయన మంచం అంచున కూర్చుని చాలాసేపు ఆ గాజువైపే చూశాడు. పనిలో ఉన్నప్పుడు చూసే చూపు అది, మందం ఎంతుంది, ఎక్కడ పట్టుకోవాలి అని చూసే చూపు. ఉన్నట్టుండి లేచి, "అమ్మా! పాలున్నాయా? దుకాణం పాలే. కాచి ఒక కప్పులో పోసి పట్రా," అని కేకేశాడు.

అత్తగారు తెచ్చింది. పొగలు కక్కుతున్న కప్పు. ఆయన దాన్ని తువ్వాలు మడతతో పట్టుకుని అద్దం దగ్గరికి వచ్చాడు. వెంటనే ఆనించలేదు. ముందు దూరంగా పెట్టి ఆవిరి తగలనిచ్చాడు, తర్వాత కాస్త దగ్గరగా, తర్వాత ఇంకాస్త.

"ఏం చేస్తున్నారు?"

"తొందరపడకు. చల్లటి గాజుకి ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుంది. మెల్లగా అలవాటు చెయ్యాలి." కప్పుని గాజుకి ఆనించి, చిన్నగా గుండ్రంగా తిప్పుతూ, "ఇప్పుడు చెంప పెట్టు," అన్నాడు.

పాలక్క చెంప పెట్టింది. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత చలి తగ్గింది. తర్వాత, ఆ గాజులోంచి, మెల్లమెల్లగా, ఒక అరచేతి మేర వెచ్చన వచ్చింది. ఆయన అరచెయ్యి అంతే ఉంటుంది. ఆమె కళ్ళు మూసుకుంది. అవతల కప్పు చప్పుడు, ఆయన ఊపిరి, ఏ మందూ లేని మామూలు పాలు. చెంప మార్చి రెండో చెంప పెట్టింది. వెచ్చదనం పలచబడుతోంది. కప్పు చల్లారిపోతోంది.

గాజుకి పెదవులు దగ్గరగా పెట్టి, వంటింటిదాకా, పక్కింటిదాకా వినబడేలా పాలక్క అరిచింది.

"అత్తయ్యా! ఇంకాసిని పాలు పెట్టండి. బాగా మరగనివ్వండి!"